బస్సు దిగే యాభై మందీ, గురువారం వచ్చే నలుగురూ

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. నన్ను పిలిచినవాళ్ళు ఏం చెప్పారంటే, కంపెనీల నుంచి హెచ్ఆర్ వాళ్ళు, సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీ పెట్టే ఖర్చు, చూసేవాళ్ళు వస్తారండీ, మీ తోటకి వాలంటీర్లు వస్తూంటారు కదా, దాని వల్ల ఎంత మేలు జరిగిందో ఒక అరగంట మాట్లాడండి అన్నారు. మాట్లాడతాను. మేలు జరిగింది, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఎప్పుడు జరిగింది, ఎప్పుడు జరగలేదు అన్నది కూడా చెప్తేనే మీకు పనికొస్తుంది, పొగడ్తలంటారా, అవి మీ న్యూస్‌లెటర్లో మీరే నాకన్నా బాగా రాసుకుంటారు. (నవ్వులు)

ముందు తోట సంగతి. ఆరిలోవ వైపు కొండవాలు కాలనీలు చూసే ఉంటారు, మెట్లు మెట్లుగా ఇళ్ళు ఎక్కుతూ పోతాయి, అలాంటి ఒక కాలనీ కింద పది సెంట్ల జాగా, అంటే 484 గజాలు. ఇదివరకు అందరూ చెత్త తెచ్చి పడేసేవారు. ఇప్పుడు చుట్టుపక్కల ఓ ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి పండిస్తున్నారు. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర, మళ్ళలో వంగ, బెండ, పందిరి మీద ఆనప, బీర, గట్టు మీద మునగా కరివేపాకూ. నేల ఎర్రమట్టి. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి ఆ రంగు చెప్పక్కర్లేదు. ఆ మట్టి ఎండితే పైన పెంకు కట్టేస్తుంది, గట్టి వాన పడితే వాలులో కోసుకుపోతుంది, అందుకని మా దగ్గర పనిలో సగం మొక్కలది కాదు మట్టిది, గట్లు వెయ్యడం, గత్తం, అంటే పశువుల ఎరువు, కలపడం, ఆకులూ కొబ్బరి పీచూ పరిచి మట్టి కప్పడం, ఇదే.

ఇప్పుడు బస్సు సంగతికొద్దాం.

శనివారం పదింటికి బస్సు వస్తుంది. యాభై మంది దిగుతారు, అందరికీ ఒకే రంగు టీషర్టులు, టోపీలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పిల్లలందరూ మంచోళ్ళే, నేను వాళ్ళని ఏమీ అనట్లేదు. కానీ పదింటికి వైజాగ్‌లో ఎండెలా ఉంటుందో ఉక్కెలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తోట పని పొద్దున్న ఐదున్నరకి మొదలై ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి, ఎందుకంటే మావాళ్ళలో సగం మంది ఆ తర్వాత అపార్టుమెంట్లలో పనికెళ్ళిపోతారు, కొందరు టిఫిన్ బళ్ళ దగ్గరికి. అంటే ఏం జరుగుతోందో చూడండి, పని తెలిసినవాళ్ళు వెళ్ళిపోయాక పని తెలియనివాళ్ళు వస్తున్నారు. మధ్యలో నేనూ ఇంకో ఇద్దరూ ఉంటాం, యాభై మందికి ఎక్కడ తొక్కాలో ఎక్కడ తొక్కకూడదో చెప్పడానికి.

ఒకసారి కలుపు తియ్యమన్నాం. కలుపంటే అందరికీ తేలిక పని అనిపిస్తుంది కదా. మా దగ్గర పెద్ద బెడద తుంగ. చూడ్డానికి గడ్డే, లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, హాయిగా ఉంటుంది, కానీ దాని గడ్డలు కింద మట్టిలో ఉంటాయి, ఒకదానికొకటి సన్నటి వేరుతో గొలుసులా కట్టుకుని, పైన పీకితే కింద గడ్డలోంచి మళ్ళీ కొత్త మొలక లేస్తుంది. గునపంతో తవ్వి, మట్టి విదిపి, ఆ నల్లటి గడ్డలు ఏరి ఎండలో పడెయ్యాలి, నెమ్మదైన పని, చూడ్డానికి ఫలితమేమీ కనపడదు. మన కుర్రాళ్ళు గంటలో రెండు మళ్ళు నున్నగా చేసేశారు. ఫోటోలు కూడా అయిపోయాయి. ఆ రోజు పనికెళ్ళకుండా ఉండిపోయిన మా పెద్దమ్మ ఒకావిడ, అరవై దాటుంటాయి, ఒక కుర్రాడి పక్కన కూచుని అడిగింది, "ఏటి బాబూ, దాని తల కోసీసి ఎల్లిపోతన్నావు, దుంప ఎవుడు తీత్తాడు?" అని. ఆ అబ్బాయి పాపం నిజాయితీగా "ఎలా తియ్యాలమ్మా" అన్నాడు. ఆవిడ బొరిగ తీసుకుని ఒక జానెడు లోతున తవ్వి, గొలుసు మొత్తం తెగకుండా పైకి లాగి చూపించింది, పదకొండో పన్నెండో గడ్డలున్నాయి దానికి. మిగతా పూట ఆ అబ్బాయి ఒక్క మూరెడు నేల మాత్రమే శుభ్రం చేశాడు. ఆ మూరెడు నేలలో ఆ పంటకాలమంతా తుంగ రాలేదు, నున్నగా చేసిన రెండు మళ్ళూ వారం తిరక్కుండా పచ్చగా అయ్యాయి.

సరే, అంటే యాభై మంది వద్దా అని మీరడుగుతారు. కావాలండీ. యాభై మందితో అయ్యే పనులు యాభై మందితోనే అవుతాయి. ట్రాక్టరు గత్తం మెట్ల కింద దింపేసి పోతుంది, దాన్ని తట్టల్లో పైకి మొయ్యాలి, మా ఆడవాళ్ళయితే నాలుగు రోజులు నడుములు పడిపోయేలా మోస్తారు, మీ వాళ్ళు మెట్ల మీద వరసగా నించుని చేతులు మార్చుకుంటూ ఒక్క పొద్దున్నలో పైకి చేర్చేశారు, పాటలు కూడా పాడారు. వాలుకి అడ్డంగా కందకం తవ్వడం, రాళ్ళ గట్టు పేర్చడం, కొబ్బరి డొక్కలు కొట్టడం, ఇలాంటివన్నీ మీకే ఇస్తాం. తుఫాను తర్వాత కూడా అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ హాల్లో సగం మందికి గుర్తుండే ఉంటుంది, చెట్టన్నది నిలబడలేదు, రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు కోసం కొట్టుకున్నాం. అంతది రాకపోయినా అక్టోబరు, నవంబరుల్లో ఏదో ఒక వాయుగుండం మన పందిళ్ళు పడగొట్టే పోతుంది. ఆ వారంలో పదిమంది వస్తే అదే పెద్ద సాయం. కాబట్టి మీ వాలంటీర్ క్యాలెండర్లో అక్టోబరులో ఒక తేదీ ఖాళీగా ఉంచండి, దేనికీ అని రాయకండి, మేం ఫోన్ చేస్తాం.

క్యాలెండర్ అంటే గుర్తొచ్చింది, జూన్ 5. పర్యావరణ దినోత్సవం. ఆ రోజు వైజాగ్‌లో ప్రతి కంపెనీ మొక్క నాటాల్సిందే, బ్యానరు కట్టాల్సిందే. ఇప్పుడు మన పెద్దవాళ్ళనడగండి జూన్ 5 ఏ కార్తో. రోహిణి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మృగశిర వచ్చేది 7నో 8నో, మన వైపు ఋతుపవనాలు మామూలుగా అందుకునేది రెండో వారంలో, కొన్నేళ్ళు ఇంకా ఆలస్యం. రోళ్ళు పగిలే రోజున చిన్న నారు మొక్క పెట్టి, చెంబుడు నీళ్ళు పోసి, ఫోటో దిగి వెళ్ళిపోతే అది ఏం కావాలి? నేను మర్యాదగా చెప్తాను, జూన్ 5న రండి, కానీ నాటడానికి కాదు, గుంతలు తియ్యడానికి, గత్తం నింపడానికి. నాటడం జూన్ ఆఖర్లో రెండు వానలు పడ్డాక పెట్టుకుందాం. "అప్పుడు థీమ్ అయిపోతుందండీ" అన్నారొకరు. అయిపోనివ్వండి.

ఇంకోటి మార్చి. మార్చి వచ్చిందంటే మాకు ఫోన్లు ఎక్కువ. బడ్జెట్ మిగిలింది, 31 లోపు ఏదైనా చెయ్యాలి, విత్తనాలు కావాలా, మొక్కలు కావాలా అని. మార్చి ఎండకి మాకు విత్తనాలెందుకండీ, మార్చిలో కావాల్సింది నీళ్ళ ట్యాంకు, షేడ్ నెట్, డ్రిప్ పైపులు. పైగా ఇది సీఎస్ఆర్ చూసేవాళ్ళకి తెలిసిన విషయమే, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ ముందు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. 2021లో రూల్స్ మారాక, ఒక పనిని ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా పెట్టుకుంటే మొదలెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళు నడపొచ్చు, మిగిలిన డబ్బు మార్చి 31 తర్వాత 30 రోజుల్లో విడిగా ఒక ఖాతాలో వేసి ఉంచుకోవచ్చు. దారి చట్టంలోనే ఉంది. తోటకి కావాల్సింది కూడా అదే, మూడేళ్ళు. వట్టిపోయిన ఎర్రమట్టిలో మూడేళ్ళు గత్తం పడితే గానీ వానపాము కనపడదు.

ఆ చట్టం విషయంలోనే ఇంకో సంగతి ఉంది, అది కూడా అనుకుందాం. మీ ఉద్యోగులు పనిచేసిన గంటల్ని రూపాయల్లోకి మార్చి ఆ 2 శాతంలో చూపించడానికి కుదరదని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఎప్పుడో తేల్చి చెప్పింది. నాకైతే అది మంచిదే అనిపిస్తుంది. గంటకి రేటు కడితే ఎవరి గంటకి ఎక్కువ రేటు పడుతుందో మనకి తెలుసు కదా, మేనేజరు గారు పలుగు పట్టిన గంటకీ మా పెద్దమ్మ తుంగ తీసిన గంటకీ ఏ లెక్కన కడతారు? కాబట్టి వాలంటీర్ పని వేరు, డబ్బు వేరు. మనుషుల్ని పంపించాం కదా అని డబ్బు మానెయ్యొద్దు, డబ్బిచ్చాం కదా అని బస్సు పంపొద్దు. బస్సొస్తే మాకు ఖర్చు. నిజమండీ, నవ్వకండి. ముందు రోజు పనిముట్లు అరువు తేవాలి, మా దగ్గరున్నవి ఆరు పారలూ నాలుగు గునపాలూ, యాభై మందికి తాగే నీళ్ళు, బాత్రూము ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న, ఎవరింట్లోనో బతిమాలుకోవాలి, చెయ్యి కోసుకున్నవాడికి కట్టు, చివర్లో సర్టిఫికెట్ మీద సంతకాలు. ఆ రోజు మాలో ఇద్దరి కూలీ పోతుంది. ఒక కంపెనీ వాళ్ళు, పేరొద్దు, లంచ్ బాక్సులు తెచ్చుకుని ఖాళీ బాక్సులన్నీ తోటలోనే వదిలేసి వెళ్ళారు, మేం చెత్త తీసిన జాగాలోనే. ఇప్పుడు మాదొక పద్ధతి, వచ్చే కంపెనీ ఆ రోజు ఖర్చూ, ఉండిపోయే ఇద్దరి కూలీ, ముందే కట్టాలి. అడగడానికి మొదట మొహమాటపడ్డాం. అడిగితే ఎవరూ కాదనలేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది గురువారం వచ్చే నలుగురి గురించి. ఇది మేం ప్లాన్ చేసింది కాదు. ఒక బస్సులో వచ్చిన అమ్మాయి, అకౌంట్స్‌లో పనిచేస్తుంది, తర్వాత ఒక రోజు పొద్దున్నే తనే స్కూటీ మీద వచ్చింది, ఆఫీసుకి వెళ్ళే ముందు గంటసేపు ఉండి వెళ్తానంది. తర్వాత ఇంకో ఇద్దరిని తెచ్చింది. నాలుగో ఆయన షిప్‌యార్డులో వెల్డింగ్ చేసి రిటైరైనాయన, వాలంటీరు అంటే ఒప్పుకోడు, "కాలక్షేపానికొస్తున్నాను" అంటాడు. పందిరికి మేం ఏటా వెదురు కొనేవాళ్ళం, ఆయన పాత పైపులు తెచ్చి ఇనప పందిరి చేసి పెట్టాడు, మోటారు ఫుట్‌వాల్వ్ పాడైతే మెకానిక్కు చెప్పిన రేటు విని ఆయనే విప్పి వాషర్ మార్చాడు. ఈ ఊళ్ళో ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఎంతమందున్నారండీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ, అందరూ ఆ పని వచ్చినవాళ్ళే, వాళ్ళని తీసుకొచ్చి మా దగ్గర మొక్క పట్టుకుని నించోమంటున్నారు మీరు.

ఆ అకౌంట్స్ అమ్మాయి సంగతి ఇంకా పెద్దది. మాది పొదుపు సంఘం ఆడవాళ్ళ గుంపు, బ్యాంకు పుస్తకం ఉంది అంతే. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్ డబ్బు తీసుకుని పని చేసే సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి, దానికి ముందు సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ అవ్వాలి, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర మినహాయింపు రిజిస్ట్రేషన్లు, అప్పట్లో 12ఏ, 80జీ అనేవాళ్ళు, అవి ఉండాలి. మాకు ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి. ఆ అమ్మాయి గట్టు మీద కూచుని, ఒక్కో కాగితం దేనికో మా ఆడవాళ్ళకి అర్థమయ్యేదాకా చెప్పి, లెక్కల పుస్తకం పెట్టించి, సంతకాలు చేయించి, నెలలు పట్టినా విసుక్కోకుండా పూర్తి చేసింది. ఫోటోకి పనికిరాని పని. కానీ ట్యాంకు వచ్చింది ఆ కాగితాల వల్లే.

మిగతా ఇద్దరూ జీవామృతం డ్యూటీ, మట్టికి బలం కోసం పోసే పులిసిన ద్రావణం అది. తెలియనివాళ్ళకి చెప్తాను, ఎకరానికైతే 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. మా పది సెంట్లకి అందులో పదో వంతు, అంటే 20 లీటర్లు, ఒక పెయింటు డబ్బా చాలు. బెల్లానికేం, అనకాపల్లి పక్కనే ఉంది, నల్లబెల్లం దొరుకుతుంది. కలపడం ఐదు నిమిషాలు. కానీ నీడలో పెట్టి రెండు రోజుల పాటు పొద్దున్నా సాయంత్రం కర్రతో తిప్పాలి. ఆ తిప్పేవాళ్ళు ఎవరు? శనివారం వచ్చేవాళ్ళు కలిపి వెళ్తే సోమవారానికి పురుగు పట్టి కంపు కొట్టింది. గురువారం వాళ్ళు ఏం చేశారంటే గురువారం కలిపి, శుక్రవారం ఒకళ్ళు ఆఫీసుకి వెళ్తూ ఒకళ్ళు వస్తూ తిప్పి, శనివారం పొద్దున్న మళ్ళకి పోసేవాళ్ళు. ఇంత చిన్న విషయం. తోటంతా ఇలాంటి చిన్న విషయాల మీదే నడుస్తుంది.

అందుకని కంపెనీల వాళ్ళకి నా మాట, సంవత్సరానికి ఒక రోజు ఎనిమిది గంటలు సెలవిస్తున్నారు కదా వాలంటీరింగ్‌కి, ఆ ఎనిమిది గంటల్నే వారానికి ఒక గంట చొప్పున ఎనిమిది వారాలు వాడుకోనివ్వండి. మీకు పైసా ఎక్కువ ఖర్చవదు. ఎనిమిది వారాలంటే యాభై ఆరు రోజులు, బెండ విత్తనం పెట్టినవాడు తొలి కాయలు తన చేత్తోనే కోస్తాడు. తోటకూరైతే నెలలోపే కోతకొస్తుంది, రెండు పంటలు చూస్తాడు.

మీ రిపోర్టుల గురించి ఒక్క మాట. "ఎన్ని మొక్కలు నాటారు", "ఎన్ని కుటుంబాలకి ఆహార భద్రత" అని గడులుంటాయి. లెక్క వేద్దాం. మన హైదరాబాద్ ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినమన్నారు. ఇరవై ఇళ్ళు, ఇంటికి నలుగురు, 80 మంది, రోజుకి 32 కిలోలు. పది సెంట్లలో రోజూ 32 కిలోలు ఏ దేవుడూ పండించలేడు. మా ఆడవాళ్ళు ఎంవీపీ రైతుబజారుకి వెళ్ళడం మానలేదు, ఉల్లిపాయా, టమాటా, దుంపలు అన్నీ కొనుక్కునేవే. మేం చేసింది ఏంటంటే వారానికి రెండు మూడుసార్లు ఇంట్లో ఆకుకూర ఉండేలా చూశాం, పక్క అంగన్‌వాడీకి మునగాకూ తోటకూరా ఇస్తాం. అదే రాయండి. "ఆహార భద్రత" అని మీరు రాస్తే రేపెవరో వచ్చి వీళ్ళకి అంతా ఉందంట కదా అని అడుగుతారు.

ఇంకా చిన్న చిన్నవి. ఫోటో తీసేముందు అడగండి, మా ఆడవాళ్ళలో కొందరు పనిచేసే అపార్టుమెంట్లలో మీరే ఉంటారు, వాళ్ళకి ఇబ్బంది. కోసిన కూర వాలంటీర్లు ఇంటికి పట్టుకెళ్ళకూడదు, పెద్దమ్మ చేతిలో పెడితే వద్దనకూడదు, రెండూ రూల్సే. టీ వచ్చినప్పుడు కుర్చీలు వాలంటీర్లకి, గట్టు మావాళ్ళకి అవుతోంది, ఇప్పుడు కుర్చీలే తీసేశాం. ఇంకా, మీ టీమ్‌లో ఎవరికి ఏం వచ్చో మీకే తెలియదు. టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఎవరితో పెద్దగా మాట్లాడడు, వాడు పార పట్టి బోదె లాగితే దారం కట్టినట్టు వచ్చింది. వాళ్ళ టీమ్ లీడర్ గారు వెళ్ళి "నాకూ నేర్పించరా" అని అడిగారు. ఆ పూట అందరూ వాడు చెప్పినట్టే విన్నారు.

ఏమైనా అడగాలంటే అడగండి. ఆ, మీరు, కిటికీ దగ్గర. మా ఆఫీసు టెర్రస్ మీదే కూరగాయలు పెంచితే పోలేదా, బస్సు ఖర్చు తగ్గుతుంది అంటున్నారు. పెంచండి, బ్రహ్మాండంగా పెంచండి, మీ క్యాంటీన్‌లో వండుకోండి. కాకపోతే అది మీ ఉద్యోగుల కోసం చేసుకున్నదవుతుంది, సీఎస్ఆర్ లెక్కలో రాదు. పెట్టేముందు స్లాబు బరువు ఆపుతుందో లేదో ఇంజనీరుకి చూపించండి, తడి మట్టి చాలా బరువు, సముద్రం గాలికి ఇనప స్టాండ్లు తుప్పు పట్టి ఊడతాయి కాబట్టి రంగు ఏటా వెయ్యాలి. ఆదివారాలూ, సంక్రాంతి సెలవులూ నీళ్ళు ఎవరు పోస్తారో ముందే పేర్లు రాసుకుని లిఫ్టు దగ్గర అంటించండి. సెక్యూరిటీ గార్డు పోస్తాడులే అనుకుంటే ఆయన్ని అడిగి, ఆ పనికి విడిగా జీతం ఇచ్చి రాయండి.